మందులకు లొంగని వ్రణక్రిమి



సెగగడ్డను ఎఱుగని ఇల్లు మన దేశమున లేదు. మామిడిపండ్ల దినములలో పిల్లల నుదుటను, మెడమీదను గడ్డ లేచినచో, వేడి చేసినదని చెప్పి, మన తల్లులు తమలపాకునకు ఆముదము రాచి, దీపముపై వెచ్చచేసి, దానిపై అంటింతురు. గడ్డ పండి, పగిలి, చీము పోయినంతనే పిల్లవాడు ఆటకు పరుగిడును. అట్టి గడ్డయే మధుమేహము గల పెద్దవాని వీపున రాచకురుపై లేచినప్పుడు ఇంటిల్లిపాదియు దిగులుపడుదురు. ఈ రెండును తఱచుగ ఒకే సూక్ష్మజీవి చేతిపనులు. దాని పేరు స్టెఫిలోకాకస్ ఆరియస్. నోరు తిరుగని ఈ పేరు దానికెట్లు వచ్చినది, మన శరీరమున అది యేమి చేయును, తన్ను చంపవచ్చిన మందులను ఒకదాని వెనుక నొకదానిని అది యెట్లు త్రోసిపుచ్చినది అనునదే నేటి ప్రసంగమునకు విషయము.

సుశ్రుతసంహిత చదివినవారు విద్రధి యను మాట నెఱుగుదురు. లోపల చీము చేరి పండు గడ్డకు అది పేరు. ప్రమేహము ముదిరినవారికి లేచు పిటకలను ఆ గ్రంథము వేఱుగ వర్ణించినది. వ్రణితోపాసనీయమను అధ్యాయమున, వ్రణము గలవాడు గోళ్ళును వెండ్రుకలును పొట్టిగా నుంచుకొని శుచియై యుండవలెననియు, ఆవాలు, వేపాకు, నెయ్యి, ఉప్పు చేర్చి ఆ గృహమున ధూపము వేయవలెననియు చెప్పబడినది. ఇది చూపి, మన పూర్వులు నేటి సూక్ష్మజీవిశాస్త్రము నంతయు ఎఱిగియుండిరని వాదించువారు కలరు. నేనట్లనను. కంటికి కనబడని దానిని వారు చూడలేదు; కనబడిన దానిని మాత్రము చక్కగ చూచిరి. మధుమేహికి గడ్డ లేచుట సామాన్యవిషయము కాదని గుర్తించుట చిన్న పని కాదు.

కంటికి కనబడనిదానిని చూచినవాడు స్కాట్లండు దేశమున అబర్డీను నగరపు శస్త్రవైద్యుడు, అలెగ్జాండర్ ఆగ్‌స్టన్. ఆ కాలమున ఐరోపాఖండపు వైద్యులలో పెక్కుమంది, గాయమున చీము పట్టుట మానుటకు శుభసూచకమని తలచుచుండిరి. లిస్టరు పండితుడు కార్బాలిక్ ఆమ్లముతో గాయములను శుద్ధిచేయు పద్ధతిని 1867 లో ప్రకటించిన పిదప, చీము పట్టకయే గాయములు మానుట ఆగ్‌స్టను కన్నులార చూచెను. అట్లయినచో చీము గాయమునకు సహజము కాదు, మఱెక్కడనుండియో వచ్చుచున్నది. ఈ తలంపు అతనిని వదలలేదు. ఇంకను పగులని ఒక గడ్డనుండి చీము తీసి, రంగు పట్టించి, సూక్ష్మదర్శినిక్రింద ఉంచి చూడగా గుండ్రని చిన్న బిందువులు కొన్ని దండలుగను, కొన్ని గుత్తులుగను కనబడెను.

బ్రిటిషు వైద్యసంఘము వారిచ్చిన ఏబది పౌనులతో అతడు తన ఇంటి వెనుక చిన్న ప్రయోగశాల కట్టించుకొనెను. గడ్డ వెనుక గడ్డను పరీక్షించెను. వేడితోడను నొప్పితోడను లేచిన గడ్డలన్నిటను ఈ బిందువులుండెను; క్షయసంబంధమైన చల్లని గడ్డలలో లేకుండెను. ఆ చీమును ఎలుకలకు ఎక్కించినచో వానికిని గడ్డలు లేచెను. దానినే వేడిచేసి గాని, కార్బాలిక్ ఆమ్లము కలిపి గాని ఎక్కించినచో ఏమియు కాలేదు. ఆ జీవులను పెంచుటకు అతనికి దొఱకిన పాత్ర యేదో తెలియునా? కోడిగ్రుడ్డు! 1880 ఏప్రిలునెలలో బెర్లినులో జరిగిన శస్త్రవైద్యుల సభలో తాను చూచినదంతయు విన్నవించెను. జర్మనులు ఆదరించిరి, స్వదేశమున వినినవారు తక్కువ. 1882 లో ఆ జీవికి నామకరణము జరిగెను. గ్రీకుభాషలో స్టెఫిలే యన ద్రాక్షగుత్తి, కోకస్ యన గింజ. రెండేండ్ల పిదప రోజెన్‌బాహ్ అను జర్మను వైద్యుడు ఆ జీవులను వేఱుచేసి పెంచి, బంగారువన్నెతో పెరుగు దానికి ఆరియస్ అని పేరుపెట్టెను. లాటినులో ఆ మాటకు అర్థము బంగారువన్నె గలది యని. కావున మన భాషలో దీనిని ‘బంగరుగుత్తి’ యని పిలిచినచో తప్పులేదు. ఈ ప్రసంగమున నేనట్లే పిలిచెదను.

ఈ బంగరుగుత్తి పులివలె అడవినుండి వచ్చి మీదపడునది కాదు. మనతోనే కాపురముండునది. నూరుమందిని పరీక్షించినచో ఇంచుమించు ముప్పదిమంది ముక్కుపుటములలో ఇది కనబడును. వారు చక్కగ తిరుగుచుందురు. చర్మము చెక్కుచెదరనంత కాలము ఇది వాకిట పడియుండును. గీత పడినను, సూది గ్రుచ్చినను, శస్త్రము తగిలినను లోనికి దిగును. ఆసుపత్రిలో రోగి రక్తమున జొరబడిన క్రిమి పెక్కుతావుల అతని ముక్కునందలి క్రిమియే యని తేలినది. పరాయివాని నిందించుట మనకు అలవాటు గాని, ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు.

లోనికి దిగినంతనే మన రక్తమునందలి తెల్లకణములు దానిని మ్రింగుటకు వచ్చును. అప్పుడీ జీవి చేయు పనులు చూడదగినవి. మొదట కోయాగ్యులేజ్ అను పదార్థమును విడిచి, చుట్టునున్న రక్తద్రవమును గడ్డకట్టించి తనకు కోటగోడ కట్టుకొనును. కుందేలు రక్తద్రవమును గాజుగొట్టమున పోసి, అది గడ్డకట్టునేమో చూచి ఈ జీవిని గుర్తించుట పరీక్షాలయములలో చిరకాలముగ నున్న పద్ధతి. ఇక మన శరీరము తయారుచేయు ప్రతిరక్షకములు చేతులతో క్రిమిని పట్టుకొని, తోకను తెల్లకణమునకు అందించుట రివాజు. బంగరుగుత్తి తన మేనిపైనున్న ‘ఎ’ అను మాంసకృత్తుతో ఆ తోకనే పట్టుకొనును. కత్తిని తలక్రిందులుగ పట్టినవాడు యుద్ధమేమి చేయగలడు? తెల్లకణము ఎట్లో మ్రింగి, ఘాటైన ఆమ్లజని పదార్థములతో కాల్చబోయినను, ఆ బంగారువన్నెయే దానికి కవచమగును. ఆ వన్నె కవచమని 2005 లో తెలిసినది. రోజెన్‌బాహ్ చూచి ముచ్చటపడినది ఒక ఆయుధమును! మఱియు ఆల్ఫావిషమను దానిని ఇది వెలిగ్రక్కును. ఆ విషపు తునుకలు ఏడేసి కూడి కణముల పొరలో రంధ్రము చేయును. కణము చిల్లుకుండవలె కారిపోవును. చచ్చిన తెల్లకణములు, చచ్చిన క్రిములు, కరగిన కండ కలిసినదే మనము చీమనునది.

కోట దాటి రక్తమున పడినచో ఇది హృదయకవాటములపై గూడుకట్టును, పిల్లల ఎముకలలో దిగి వానిని కుళ్ళజేయును, ఊపిరితిత్తులను పట్టును. శరీరమున అమర్చిన లోహపు కీళ్ళపైనను, నరములలో ఉంచిన గొట్టములపైనను జిగటపొర పఱచుకొని, దాని క్రింద మందు సోకకుండ నివసించును. ముక్కుమీదను, పైపెదవిమీదను లేచిన మొటిమలను గిల్లవద్దని తరగతిలో నేను పిల్లలను కేకలువేయుట ఊరక కాదు. అచ్చటి రక్తనాళములకు మెదడువైపు దారి కలదు. ఇది ఆహారమునందును విషము పెట్టగలదు. 1914 లో ఫిలిప్పీను దీవులలో బార్బరు అను పరిశోధకుడు నిలువయున్న పాలమీగడ తాను స్వయముగ త్రాగి, వాంతులు తెచ్చుకొని, ఆవు పొదుగునందలి ఈ జాతి జీవియే కారణమని నిరూపించెను. ఆ విషము కాచినను చావదు.

పెనిసిలిన్ కథ మీరందఱు వినియుందురు. 1928 సెప్టెంబరులో లండనునగరపు సెయింట్ మేరీ ఆసుపత్రిలో ఫ్లెమింగ్ సెలవులనుండి తిరిగివచ్చి చూడగా, ఒక పళ్ళెరమున బూజుపట్టి, ఆ బూజుచుట్టును సూక్ష్మజీవులు కరగిపోయియుండెను. పాఠ్యపుస్తకములు ఇంతవఱకు చెప్పి ఊరకుండును. ఆ పళ్ళెరమున పెరుగుచుండినది ఈ బంగరుగుత్తి జాతియే యని చెప్పవు. ఆయన ఆ దినములలో ఒక గ్రంథమునకు ఈ జాతి జీవులను గూర్చి అధ్యాయము వ్రాయుచుండెను. బూజు రసమును మందుగ చేసినవారు ఆక్స్‌ఫర్డునందలి ఫ్లోరీ, చెయిన్, హీట్లీ ప్రభృతులు. 1941 ఫిబ్రవరి 12వ తేదీన వారు మొట్టమొదట చికిత్స చేసిన రోగి ఒక పోలీసు ఉద్యోగి. ముఖమంతయు చీముపట్టి, ఒక కన్ను పోయి, ఊపిరితిత్తులలో గడ్డలు లేచి, అతడు మరణశయ్యపై నుండెను. మందు పడినంతనే జ్వరము తగ్గెను, ఆకలి పుట్టెను. కాని లోకమున నున్న పెనిసిలిన్ అంతయు పిడికెడు. అతని మూత్రమునుండి మందును తిరిగి తీసి మరల ఎక్కించిరి. అదియు చాలలేదు. మార్చి 15వ తేదీన అతడు చనిపోయెను. ఆయన క్రిమికి మందు ఉండెను, చాలినంత లేదు. నేడు మందు బండ్లకొలది యున్నది. క్రిమికే అది తగులుట లేదు.

ఆ మార్పు వచ్చుటకు పట్టిన కాలము తలచిన ఆశ్చర్యమగును. 1942 లోనే అమెరికాలో రామెల్‌కాంప్ పెనిసిలినునకు లొంగని బంగరుగుత్తులను చూచెను. 1944 లో కర్బీ అను వైద్యుడు, అవి మందును విఱిచి నిరుపయోగము చేయుచున్నవని చూపెను. 1945 డిసెంబరులో నోబెలు బహుమానమందుకొని ఉపన్యసించుచు ఫ్లెమింగే, చాలీచాలని మోతాదు వాడినచో లొంగని క్రిములు పుట్టునని హెచ్చరించెను. అంతలో లండనులో హామర్‌స్మిత్ ఆసుపత్రియందు మేరీ బార్బర్ అను విదుషీమణి లెక్క పెట్టుచుండెను. 1946 లో ఆ ఆసుపత్రిలో దొఱకిన ఇట్టి క్రిములలో నూటికి 14 పెనిసిలినునకు లొంగనివి. మఱుసటియేడు 38. 1948 లో 59. రెండేండ్లలో అల్పసంఖ్యాకులు అధికసంఖ్యాకులైరి.

మందు క్రిమికి విద్య నేర్పినదని కొందఱందురు. బార్బర్ అట్లనుకొనలేదు. మన వరిచేలలో ఊద యను కలుపు కలదు. అది చూపునకు వరివలెనే యుండును. కలుపుతీయు స్త్రీలు వేఱుగ కనబడిన మొక్కల నెల్ల పీకివేయుదురు; వరిని పోలినది మిగిలిపోవును. ఏటేట కలుపు తీసినకొలది మిగులునది అదియే. కలుపుకత్తి ఊదకు వేషము నేర్పలేదు. వేషము లేనివానిని తొలగించినది. మందు చేసినది ఇదియే. ఆ మిగిలిన విత్తును మంచమునుండి మంచమునకు మోసినవి వైద్యుల చేతులు, దాదుల చేతులు, దుప్పట్లు. ఆమె ఇంతతో ఊరకొనక, తన ఆసుపత్రిలో పెనిసిలిన్ వాడకమును తగ్గించి, మందులను జంటలుగ ఇప్పించి, రోగినుండి రోగికి అంటకుండ జాగ్రత్తలు పెట్టించి, లొంగని క్రిముల పాలు తిరిగి తగ్గునని 1960 లో చూపెను. తగ్గుననుటకు అంత చక్కని రుజువును లోకము త్వరలోనే మఱచిపోయినది. 1965 లో మోటారు ప్రమాదమున ఆమె మరణించెను. ఫ్లెమింగు పేరు ఎఱిగిన పిల్లలలో ఈమె పేరు వినినవానిని ఒక్కనిని నేను చూడలేదు.

1953 ప్రాంతమున ఆస్ట్రేలియాలో సిడ్నీనగరపు ప్రసూతిశాలలలో శిశువులకు గడ్డలును, తల్లులకు రొమ్ముగడ్డలును లేచెను. 80/81 అను సంఖ్యతో పిలువబడిన ఆ తెగ పెనిసిలినునకు లొంగనిది. కొలదికాలమున దేశదేశములకు ప్రాకెను. ఈ సందర్భమున మన తెలుగువాడొకనిని స్మరింపవలసియున్నది. భీమవరమున 1895 లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థకు పరిశోధనాధ్యక్షులై యుండగా, వారి యాజమాన్యమున డగ్గర్ అను వృద్ధశాస్త్రజ్ఞుడు మిసోరీ మట్టినుండి తీసిన ఒక జీవిలో ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. అది 1948 లో లోకమునకు ప్రకటితమయ్యెను. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి. క్రిమి పేరునను బంగారమే, మందు పేరునను బంగారమే. 1950 దశకము ముగియకముందే ఆ మందునకును లొంగని క్రిములు ఆసుపత్రులలో విరివిగ కనబడెను. ఐనను సుబ్బారావుగారి శ్రమ వ్యర్థమైనదనరాదు. ఆ కుటుంబమునకే చెందిన డాక్సీసైక్లిన్ నేటికిని కొన్ని మొండి చర్మవ్రణములకు పనికివచ్చుచున్నది.

ఇక అసలు ఘట్టము. పెనిసిలిన్ క్రిమినెట్లు చంపునో చెప్పనిదే ఇది బోధపడదు. క్రిమిచుట్టును గోడ కలదు. ఆ గోడ కట్టుటకు మేస్త్రీలవంటి మాంసకృత్తులు కలవు. పెనిసిలిన్ ఇటుకవలె కనబడు దొంగ ఇటుక. మేస్త్రీ దానిని పట్టుకొన్నచో అది చేతికి అతుకుకొనిపోవును, పని ఆగును, గోడ బీటలువాఱి క్రిమి పగులును. లొంగని క్రిమి మొదట చేసిన ఉపాయము ఆ దొంగ ఇటుకను త్రుంచు కత్తెరను తయారుచేయుట. ఇంగ్లండులో బీచమ్ సంస్థవారు ఆ కత్తెరకు తెగని మెథిసిలిన్ అను మందును చేసిరి. అది 1959, 1960 సంవత్సరముల మాట. క్రిమికథ ముగిసినదని అనేకులు సంతసించిరి.

లండనున కాలిండేలు పరీక్షాలయమున పెట్రీషియా జెవన్స్ అను ఆమె ఐదువేలకు పైబడిన బంగరుగుత్తి నమూనాలను ఈ క్రొత్తమందుతో పరీక్షించెను. మూడు లొంగలేదు. మూడును ఒకే ఆసుపత్రినుండి వచ్చినవి. ఐదువేలలో మూడెంత? లెక్కల మాస్టరును అడిగిన సున్నయేయనును. 1961 జనవరిలో ఆమె ఈ సంగతిని ప్రకటించెను. అవి కత్తెరను నమ్ముకొన్నవి కావు. క్రొత్త మేస్త్రీని తెచ్చుకొన్నవి. ఆ మేస్త్రీ చేతికి దొంగ ఇటుక అంటదు. అతనిని పుట్టించు జన్యువు ఒక మూటవలె ఒక క్రిమినుండి మఱియొకదానికి పోగలదు. ఈ ఒక్క మేస్త్రీతో పెనిసిలిన్ కుటుంబమునందలి మందులన్నియు ఇంచుమించు వ్యర్థములగును. ఆంగ్లమున నాలుగక్షరములుగ ఎం.ఆర్.ఎస్.ఏ. యని డాక్టర్లు చెప్పునది దీనినే. మెథిసిలిన్ మూత్రపిండములను బాధించునని వైద్యులు దానిని వాడుట మానిరి; మందు పోయి, దాని పేరు క్రిమికి బిరుదముగ మిగిలినది.

ఈ క్రొత్త మేస్త్రీ మెథిసిలిన్ వచ్చిన పిమ్మట పుట్టినవాడా? కాడు. 2017 లో, నిలువయున్న పాత క్రిముల జన్యువులు చదివినవారు, ఇట్టివి 1940 దశకపు నడుమనే యుండెనని తేల్చిరి. 2022 లో మఱింత వింత బయటపడెను. ఐరోపాలో హెడ్జిహాగు అను ముండ్ల చిన్నజంతువు కలదు. దాని మేనిపై పెరుగు ఒక బూజు పెనిసిలినువంటి మందును తానే చేయును. ఆ మేనిపైనే నివసించు బంగరుగుత్తులు ఇటువంటి మేస్త్రీనొకనిని రెండువందల యేండ్ల క్రిందటనే సంపాదించెను. ఫ్లెమింగు పుట్టకమునుపే ఈ యుద్ధము ఒక ముండ్లజంతువు వీపున జరుగుచుండెనన్నమాట. మనము చేసినది యేమన, మూల నున్నవానిని రచ్చకెక్కించుట.

తరువాత మిగిలిన గొప్ప ఆయుధము వాంకోమైసిన్. బోర్నియో అడవులనుండి ఒక మిషనరీ పంపిన మట్టిలో దీని మూలము దొఱకినది. 1958 లో అమెరికాలో అనుమతి పొందినది. ఇది మేస్త్రీని పట్టదు, అసలు ఇటుక కొసనే పట్టుకొనును. నలుబదియేండ్లకు పైగా ఇది నిలిచెను. 2002 జూన్‌లో అమెరికాలో మిషిగన్ రాష్ట్రమున, మధుమేహముతో మూత్రపిండములు చెడి, కాలిపుండుతో బాధపడుచున్న ఒక రోగియందు దీనికిని పూర్తిగ లొంగని బంగరుగుత్తి కనబడెను. పేగులలో నివసించు వేఱొక క్రిమియొద్ద ఆ విద్యను ఇది అరువు తెచ్చుకొని, ఇటుక కొసనే మార్చుకొన్నది. అదృష్టవశమున ఇట్టివి నేటికిని లోకమున మిక్కిలి అరుదు. మధుమేహి పుండును సుశ్రుతుడు వేఱుగ లెక్కించుట నాకు ఇక్కడ మరల జ్ఞప్తికి వచ్చుచున్నది.

చిరకాలము ఇది ఆసుపత్రుల జాడ్యమనుకొనిరి. 1999 లో అమెరికాలో మిన్నెసోటా, ఉత్తర డకోటా రాష్ట్రములలో ఆసుపత్రి ముఖమే యెఱుగని నలుగురు పిల్లలు ఎం.ఆర్.ఎస్.ఏ. వలన చనిపోయిరను వార్త ప్రకటితమైన పిదప ఆ భ్రమ తొలగెను. 2019 లో లోకమంతట ఈ ఒక్క మొండితనమువలన చనిపోయినవారు లక్షకు మించిరని 2022 లో లెక్క వేసిరి. మన దేశమునందలి పెద్ద ఆసుపత్రులనుండి వైద్యపరిశోధనామండలివారు సేకరించిన బంగరుగుత్తులలో ఇటీవలి సంవత్సరములయందు నూటికి నలుబదికి పైగా ఈ తెగవే.

అంకెలు చెవికి తగిలి పోవును. ఒక పిల్లవాని సంగతి చెప్పెదను. నేను ఉద్యోగమున నున్న దినములలో ఒక వసతిగృహమున తొమ్మిదవ తరగతి బాలునకు తొడపై గడ్డ లేచెను. వార్డెను మందుల అంగడికి పంపగా, అంగడివాడు చీటియడుగక నాలుగు గొట్టపుమాత్రలిచ్చెను. గడ్డ కోసి చీము తీయవలసినది. అదియే దానికి ప్రధానచికిత్స. ఎవరును కోయలేదు. ఎనిమిదవనాటికి పిల్లవాడు చలిజ్వరముతో కాలు కదపలేకపోయెను. పట్నమున పెద్ద ఆసుపత్రికి చేర్చిన పిదప పరీక్షాపత్రము వచ్చినది. మందుల పేర్లు వరుసగ అచ్చువేసి, వాని కెదురుగ లొంగనిదని తెలుపు ఆర్ అను అక్షరము పైనుండి క్రిందికి. అంగడివాడిచ్చిన మందు ఆ పట్టికలో మొదటిదే. తుంటియెముక వఱకు చీము దిగినది. ఆ కాగితము పట్టుకొని తండ్రి, ‘అయ్యా, మావాడు తప్పినాడా?’ అని నన్నడిగెను. పరీక్ష తప్పినాడనుకొన్నాడు, పాపము. రెండు శస్త్రములు, ఏడు వారముల సూదిమందు తరువాత పిల్లవాడు బ్రతికెను. ఒక కాలు పొట్టియైనది.

చేయదగినది లేదనువారితో నేనేకీభవింపను. ఇంగ్లండులో 2001 నుండి ప్రతి ఆసుపత్రియు రక్తమున చేరిన ఎం.ఆర్.ఎస్.ఏ. కేసులను లెక్క చెప్పవలసివచ్చెను. 2003-04 లో అవి 7,700 దాపున నుండెను. చేతులు కడుగుట, గొట్టములను వేళకు తీసివేయుట, ముక్కులను పరీక్షించుట వంటి పనులచే 2008-09 నాటికి మూడువేలకు లోపడెను. నెదర్లాండ్సువారు వచ్చిన రోగులలో అనుమానముగల వారిని వేఱుగ నుంచి పరీక్షించు నియమమును చిరకాలముగ పాటించుచు, ఈ తెగను మిక్కిలి తక్కువగ నిలిపియుంచిరి. మన ప్రభుత్వము 2014 నుండి కొన్ని మందులను చీటిలేక అమ్మరాదనియు, అమ్మినవానికి లెక్క వ్రాయవలెననియు శాసించినది. 2016 లో మందుఅట్టలపైనున్న ఎఱ్ఱగీత యర్థమును ప్రజలకు తెలుప బూనుకొన్నది. ఇంటికి వెళ్ళి అట్ట తిరగవేసి చూడుడు, నిలువునా ఎఱ్ఱగీత కనబడును. వైద్యుని చీటిలేక కొనరాదని దాని భావము.

టీకామాట కూడ అడుగుదురు. మశూచికి వచ్చినట్లు దీనికి రాలేదా యని. ప్రయత్నములు జరిగినవి. 2005 లో ఒకటి, 2011 లో ఒకటి, 2018 లో ఒకటి, మూడు పెద్ద సంస్థల టీకాలు మనుష్యులపై పరీక్షించునప్పుడు ఫలము చూపక ఆగిపోయినవి. చిన్ననాటనుండి మన ముక్కులో నుండి, మన రక్తమునకు పరిచయమైన జీవిపై రక్తమునకు క్రొత్తగ పగ నేర్పుట సులభము కాదు. పరిశోధకులు ఇంకను ఆ పనియందే యున్నారు.